బిస్లీలో త్రీ నాట్ త్రీ

లండన్ వాటర్లూ స్టేషన్లో రైలెక్కితే ముప్పావు గంటకి అటూ ఇటూగా బ్రూక్‌వుడ్ వస్తుంది. చిన్న స్టేషను. ఒకవైపు దిగితే శ్మశానం, ఇంకోవైపు దిగితే తుపాకులు. హాస్యానికి అనడం లేదు. లండన్‌లో పోయినవాళ్ళని పాతిపెట్టడానికి చోటు చాలక 1854లో ఇక్కడ ఓ మహా శ్మశానం తెరిచారు. శవపేటికల కోసం వాటర్లూ నుంచి ప్రత్యేకంగా ఒక రైలు కూడా నడిపారు. పేటికకి వన్‌వే టికెట్టు, వెంట వచ్చిన బంధువులకి రిటర్న్ టికెట్టు. శవాలకి కూడా ఫస్టు, సెకండు, థర్డు క్లాసులుండేవి! 1941లో బాంబులు పడి, లండన్‌లో ఆ రైలుకని విడిగా ఉన్న స్టేషను దెబ్బతినేదాకా ఆ బండి నడిచింది.

నేను ముందు శ్మశానం వైపే వెళ్ళాను. 1904లో జర్మనీలో కన్నుమూసిన జంషెడ్జీ టాటాని ఇక్కడి పార్సీల భాగంలోనే సమాధి చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఇంగ్లండు ఆసుపత్రుల్లో ప్రాణాలు వదిలిన మన ముస్లిం సిపాయిల్లో కొందరు కూడా ఇక్కడే ఉన్నారు. మొదట దగ్గర్లోని హార్సెల్ కామన్‌లో పాతిపెట్టి, 1960ల చివర్లో ఇక్కడికి మార్చారు. వాళ్ళు మోసిన తుపాకీ, అందులోకెక్కే తూటా ఏమిటో నాకు తెలుసు. ఆ తూటాని కాల్చడానికే ఆ రోజు పట్టాలకి అటువైపు, బిస్లీ షూటింగ్ క్యాంపుకి, వెళ్తున్నాను.

ఆ తూటా .303. మన నోట త్రీ నాట్ త్రీ.

తెలుగు పేపర్లు చదివే ఎవరికీ ఈ పేరు కొత్త కాదు. ఎన్‌కౌంటర్ వార్త చివరి పేరాలో ‘సంఘటనా స్థలంలో ఒక త్రీ నాట్ త్రీ తుపాకీ, కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం స్వాధీనం చేసుకున్నారు’ అన్న వాక్యం చదివీ చదివీ అది ఒక పడికట్టు మాటైపోయింది. బ్యాంకు గేటు దగ్గర, ఎలక్షన్ బూతు దగ్గర, కోర్టు వరండాలో పోలీసు కానిస్టేబుల్ గోడకానించి పెట్టే పొడుగాటి కర్రతుపాకీ అదే. కాలేజీలో ఎన్‌సీసీ చేసిన నాబోటివాళ్ళకి భుజం ఒరుసుకుపోయిన గుర్తు. డ్రిల్లుకి మాకిచ్చినవి ఫైరింగ్ పిన్ను తీసేసిన ఉత్తుత్తి తుపాకులు. ఎండలో నాలుగు కిలోల బరువు పట్టుకుని ‘సలామీ శస్త్ర్’ అనగానే నిటారుగా నిలబెట్టడమే తప్ప, అది పేలితే ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలీదు. ఫైరింగ్ క్యాంపులో చేతికొచ్చేది పాయింట్ టూ టూ.

ఆ తెలియనితనం తీరడానికి ఇంగ్లండు రావాలా అంటే, ఒకరకంగా రావాలి. మన దేశంలో .303 నిషిద్ధ బోరు. సైన్యం తూటా జనం చేతికి చిక్కకూడదని తెల్లదొరలు పెట్టిన కట్టడి స్వతంత్రం వచ్చాకా పోలేదు. అందుకే మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు లైసెన్సుదారుల కోసం .315 అనే వేరే కొలత తుపాకీ చేసి అమ్ముతాయి. .303 తూటా అందులో పట్టదు. ఈ కట్టడి పెట్టినవాళ్ళ దేశంలో మాత్రం అదే .303ని వారాంతపు కాలక్షేపంగా కాలుస్తున్నారు. ఇదేం న్యాయం అని మా బావగారితో అంటే, ఆయన తాపీగా ‘ఇక్కడ కూడా చేతికి ఊరికే రాదోయ్ బామ్మర్దీ’ అన్నారు.

బావగారు రెడింగ్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తారు. కొన్నేళ్ళుగా ఓ రైఫిల్ క్లబ్బులో మెంబరు. మెంబరు కావడానికి నెలల తరబడి ప్రొబేషన్ చేశారట. ఆ తర్వాత పోలీసులు ఇంటికొచ్చి మాట్లాడారు. గోడకి బోల్టులతో బిగించిన ఇనప బీరువా చూశారు. డాక్టరు దగ్గర్నించి ఆరోగ్యం సంగతి తెప్పించుకున్నారు. అప్పుడిచ్చారు ఐదేళ్ళు చెల్లే సర్టిఫికెట్టు. ఏ తుపాకీ కొనొచ్చో, ఎన్ని తూటాలు ఇంట్లో ఉంచుకోవచ్చో అన్నీ దాని మీదే. 1987లో హంగర్‌ఫోర్డ్ హత్యాకాండ జరిగాక తనంతట తనే లోడయ్యే పెద్ద రైఫిళ్ళని, 1996లో డన్‌బ్లేన్ బడిలో పసిపిల్లల్ని కాల్చి చంపాక చేతి పిస్తోళ్ళని ఇక్కడ దాదాపు పూర్తిగా నిషేధించారు. చేత్తో బోల్టు లాగి ఒక్కో గుండూ పేల్చే పాతకాలపు రైఫిల్ ఆ వడపోతలో మిగిలిపోయింది. దాని మీద ఇక్కడివాళ్ళకున్న మమకారంలో సగం ఈ చట్టం పుణ్యమేనని నా అనుమానం.

నాలాంటి అతిథికి దారి ‘గెస్ట్ డే’. హోం ఆఫీసు అనుమతి ఉన్న క్లబ్బు ముందుగా పోలీసులకి చెప్పి, ఏడాదికి పన్నెండుకి మించకుండా ఇలాంటి రోజులు పెట్టుకోవచ్చు. చట్టం తుపాకీ ముట్టనివ్వని శిక్షలేవీ నాకు పడలేదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అంతే, లోపలికి రమ్మన్నారు.

బిస్లీ క్యాంపులో అడుగుపెడితే ముందు ఆశ్చర్యపరిచేది తుపాకులు కావు, ఇళ్ళు. చెక్క గోడలు, రేకు కప్పులు, చుట్టూ వరండాలు, వరండాల్లో పేము కుర్చీలు. ఊటీలోనో హార్స్‌లీ హిల్స్‌లోనో పాత గెస్ట్‌హౌసు దగ్గర నిలబడ్డట్టుంది. ఇంగ్లండు వాడు ప్రపంచమంతా తిరిగి కట్టిన బంగళాలని మళ్ళీ ఇంటికి మోసుకొచ్చి పెట్టుకున్నాడా అనిపించింది. ఒక్కో క్లబ్బుకీ ఒక్కో బంగళా. కెనడా వాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి.

బిస్లీని నడిపే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పుట్టింది 1859లో. ఫ్రాన్స్ ఎక్కడ దండెత్తుతుందోనన్న భయంతో దేశమంతా వాలంటీర్లు తుపాకులు పట్టిన రోజులవి. మరుసటి ఏడాది వింబుల్డన్ కామన్‌లో మొదటి పోటీలు. విక్టోరియా రాణి తొలి గుండు పేల్చింది. ఇప్పుడు టెన్నిస్‌కి పేరుపడ్డ వింబుల్డన్‌లో అప్పట్లో జులై వచ్చిందంటే తుపాకుల మోతే! లండన్ పెరిగి ఇళ్ళు దగ్గరపడ్డాక 1890లో ఈ సర్రే పొదల్లోకి మకాం మార్చారు. 1908 ఒలింపిక్స్ షూటింగ్ చాలామటుకు ఇక్కడే జరిగింది. 2002 కామన్వెల్త్ క్రీడలు మాంచెస్టర్‌లో జరిగినా షూటింగ్ మాత్రం ఇక్కడే. మన అంజలీ భగవత్, జస్పాల్ రాణాలు పతకాలు మూటగట్టుకున్నది ఈ గడ్డ మీదే. ఇంకో భారతీయపు గుర్తు కూడా ఉంది. కొల్హాపూర్ రాజావారు ఇచ్చిన కప్పు కోసం కామన్వెల్త్ జట్లు ఇప్పటికీ పోటీపడతాయి. పేరు మాత్రం పాత స్పెల్లింగులోనే, కొలాపూర్ కప్.

మేం వెళ్ళింది సెంచురీ రేంజికి. ఆరువందల గజాల పొడవు, ఎదురుగా వందకి పైగా టార్గెట్లు ఒకే వరసలో. అక్టోబరు పొద్దున, గడ్డి తడిగా ఉంది. బావగారు చాప పరిచి, సంచి విప్పి, తూటాలు చేతిలో పెట్టారు.

తూటాని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. ఇత్తడి తొడుగు నా చూపుడు వేలంత ఉంది. అడుగున ఒక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంది. మేకుకి తలలా. ఆ అంచే దీని వయసు చెబుతుంది. 1888లో ఇంగ్లండు సైన్యం దీన్ని తీసుకున్నప్పుడు లోపల ఉన్నది నల్ల తుపాకిమందే. ఒక్కటి పేలిస్తే పొగ కమ్మి ఎదుటివాడు కనపడడు. మూడు నాలుగేళ్ళలోనే కార్డైట్ వచ్చింది. పొగలేని మందుని దారాల్లా తీసి కట్టగట్టి తొడుగులో కూరేవారు. తర్వాత గుండు ఆకారం మారుతూ వచ్చి, రైఫిళ్ళ వరకు, 1910లో మార్క్ సెవెన్ దగ్గర ఆగింది. మొన దేలిన 174 గ్రెయిన్ల గుండు, అంటే పదకొండు గ్రాముల చిల్లర, సెకనుకి 744 మీటర్ల వేగం. మొన భాగంలో సీసానికి బదులు అల్యూమినియమో, చెక్కగుజ్జో పెట్టారు. దాంతో బరువు వెనక్కి జరిగింది. ఒంట్లో దిగాక గుండు పల్టీ కొట్టేది. దానికి ముందటి కథ ఇంకా ఘోరం. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల్లో తయారుచేసిన మెత్తటి మొన గుండు, తగిలాక విచ్చుకుని, చిన్న బెజ్జంలో దూరి పెద్ద గాయం చేసేది. 1899లో హేగ్ సమావేశం అలాంటివాటిని యుద్ధంలో వాడకూడదంది. కోల్‌కతా విమానాశ్రయం ఉన్న ఊరి పేరు అలా ప్రపంచ భాషల్లోకెక్కింది.

‘తూటాకి పాపపుణ్యాలుండవు, పట్టుకున్నవాడికే’ అంటారు బావగారు. నేను పూర్తిగా ఒప్పుకోను. పల్టీ కొట్టేలా చేసిన గుండుకి, చేసినవాడి ఉద్దేశం కొంత అంటుకునే ఉంటుంది. అది తెలిసే చాప మీద పడుకున్నాను. కాగితాన్ని కాల్చడానికి అభ్యంతరం కనపళ్ళేదు.

తుపాకీ నంబర్ ఫోర్ లీ ఎన్‌ఫీల్డ్, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఐదు తూటాలు ఒక రేకు క్లిప్పులో వస్తాయి. దాన్ని చార్జర్ అంటారు. ఇక్కడే అంచుతో పేచీ. మ్యాగజైన్లో పైన తూటా అంచు కింద తూటా అంచుకి వెనక్కి పడితే, బోల్టు తోసినప్పుడు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. అందుకని క్లిప్పులో అంచుల్ని ఒకటి పైకి, ఒకటి కిందకి వచ్చేలా ముందే పేర్చుకోవాలి. బావగారు అలా పేర్చి ఇచ్చారు. బొటనవేలితో ఒక్క తోపు తోస్తే ఐదూ కరకరమంటూ లోపలికి దిగిపోయాయి. ఆ చప్పుడు కోసమే ఇంకో ఐదు లోడు చెయ్యాలనిపించింది. పట్టేవి పది.

బోల్టు చాలా తుపాకుల్లో పైకెత్తేటప్పుడు స్ప్రింగు బిగుస్తుంది. లీ ఎన్‌ఫీల్డ్‌లో ముందుకి తోసేటప్పుడు బిగుస్తుంది. ఎత్తడం తేలిక, తిప్పాల్సింది కొంచెమే. బోల్టు పిడి ట్రిగ్గర్ పక్కనే ఉంటుంది. చెక్కకి ఆనించిన చెంప తియ్యకుండానే బోల్టు ఆడించొచ్చు. 1914కి ముందు ఇంగ్లండు సిపాయిలకి నిమిషంలో, మూడువందల గజాల దూరాన, గురిచూసి పదిహేను గుండ్లు కొట్టడం నేర్పేవారంటే ఈ బోల్టు వల్లే.

ట్రిగ్గర్‌కి రెండు మెట్లున్నాయి. మొదట ఖాళీగా కొంత వెనక్కొచ్చి, గోడ తగిలినట్టు ఆగుతుంది. అక్కడినుంచి అసలు నొక్కు. వెనక చిన్న గుండ్రటి కన్నం, ముందు గొట్టం చివర సన్నటి కమ్మీ. ‘కన్నాన్ని పట్టించుకోకు, మధ్యలోకి చూడటం కంటికే తెలుసు. కమ్మీని స్పష్టంగా చూడు. టార్గెట్ మసకగా ఉండనీ’ అని బావగారు చెవి మూతల మీదుగా అరిచారు. చూడాల్సినదాన్ని మసకగా వదిలెయ్యమంటే మనసుకి ఎక్కదు. ఊపిరి సగం వదిలి ఆపాను. రెండువందల గజాల అవతల నల్లటి చుక్క కమ్మీ మీద కూర్చుంది.

భుజానికి తగిలిన దెబ్బ అనుకున్నంత మొరటుగా లేదు. గట్టిగా ఒక తోపు, అంతే. నోట్లో ఇత్తడి రుచి, ముక్కులో కాలిన మందు వాసన. ఎదురుగా టార్గెట్ కిందకి దిగిపోయింది. కాసేపటికి తగిలినచోట రంగు బిళ్ళ గుచ్చుకుని మళ్ళీ పైకొచ్చింది. నల్లటి చుక్కకి కుడివైపు, బయట. ‘గాలి. జెండా చూడు’ అన్నారు. జెండాలు కుడికి లేస్తున్నాయి. తర్వాతది కమ్మీని ఎడమకి జరిపి కొట్టాను. బిళ్ళ నలుపులోకొచ్చింది. పక్కన చాపలోని పెద్దాయన, డెబ్బై దాటినవాడు, తల తిప్పకుండానే బొటనవేలు ఎత్తాడు.

ఇంతకీ దీనిలో ఏముందని ఇంత సరదా? కొత్త రైఫిళ్ళు, దుర్బీను బిగించుకుని, వంద గజాల్లో గుండ్లన్నీ రూపాయి బిళ్ళలోకి పేరుస్తాయి. నంబర్ ఫోర్‌తో మూడు నాలుగు అంగుళాల గుంపు వస్తే మంచి తుపాకీ కింద లెక్క. ఈ తుపాకీ మీద తప్పు తొయ్యలేం, అలాగని దాని మీదే మొత్తం భారం వెయ్యనూ లేం. మంచి గుండు పడిందంటే సగం నీది, సగం దానిది. నాకు నచ్చింది అదే. అన్నీ తనే చేసిపెట్టే యంత్రం దగ్గర మనిషికి మిగిలేది తక్కువ.

దానికో విచిత్రమైన గుణం కూడా ఉంది. బిస్లీలో పాతవాళ్ళు ఏనాడో కనిపెట్టారు. బోల్టు వెనకవైపు లాక్ అవుతుంది కాబట్టి పేలేటప్పుడు తుపాకీ ఒకరకంగా వంగి ఊగుతుంది. గొట్టం మూతి పైకి లేస్తూ ఉంటుంది. వేగం తక్కువైన గుండు ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి కొంచెం ఎత్తుగా బయల్దేరుతుంది. వేగమైనది ముందే, కిందుగా బయల్దేరుతుంది. తొమ్మిదివందలు, వెయ్యి గజాలకి వెళ్ళేసరికి రెండూ దగ్గరగా వచ్చి పడతాయి. దగ్గర్లో సాదాసీదాగా ఉన్న తుపాకీ దూరంలో పెద్ద తుపాకుల్ని ఏడిపించేది. ఇక్కడ అన్నిటికన్నా పెద్ద పోటీ కింగ్స్ ప్రైజ్ చివరి గుండ్లు వెయ్యి గజాల దాకా ఉండేవి. 1960ల దాకా ఆ పోటీ .303తోనే. 1930లో మార్జొరీ ఫాస్టర్ అనే ఆవిడ చివరి గుండుతో, ఒక్క పాయింటు తేడాతో, సైన్యాధికారిని ఓడించి ఆ బహుమతి గెలిచిన మొదటి మహిళ అయ్యింది. గెలిచినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద ఊరేగిస్తారు. మన ఊళ్ళలో పల్లకీ సేవకి తీసిపోదు.

మధ్యాహ్నం మా వంతు బట్స్‌లో. అంటే టార్గెట్ల కింద, మట్టికట్ట వెనకాల కాంక్రీటు గుంటలోకి వెళ్ళి, వేరేవాళ్ళు కాలుస్తుంటే లెక్క చూపడం. నన్నడిగితే తుపాకీ కాల్చడంకన్నా ఇది చూడాలి. గుండు ధ్వనికన్నా వేగంగా వస్తుంది కదా, ముందు నెత్తిమీద కొరడా ఝళిపించినట్టు ఫెళ్ళున చప్పుడు. ఆ తర్వాతే దూరంగా తుపాకీ మోత వినపడుతుంది. కాగితంలో వెలుతురు చుక్క కనపడుతుంది. గబగబా ఫ్రేము కిందకి లాగి, బెజ్జంలో బిళ్ళ గుచ్చి, అంతకుముందు బెజ్జానికి జిగురు కాగితం అంటించి, పైకి తోసెయ్యాలి. ఆ ఫెళఫెళ వింటుంటే పొద్దున శ్మశానంలో చూసిన పేర్లు గుర్తొచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్లాండర్స్ గుంటల్లో వాళ్ళకి అటువైపు నుంచి వస్తున్నది ఇలాగే వినపడి ఉంటుంది. ఇక్కడైతే గుంటకి పైన ఎవరూ తల పెట్టరు, పెట్టనివ్వరు. ఎవరైనా ‘స్టాప్’ అంటే చాలు, రేంజి రేంజంతా బిగుసుకుపోతుంది.

క్లబ్బు వరండాలో అందరూ బేకన్ శాండ్‌విచ్‌లు తింటుంటే, అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా తెరిచాం. బొటనవేలెత్తిన పెద్దాయన వాసనకి వచ్చి కూర్చున్నాడు. ఆయన తుపాకీ ఎస్ఎంఎల్ఈ, లీ ఎన్‌ఫీల్డ్‌లోనే పాత రకం. బోల్టు పిడి కింద పట్టీ మీద ‘ఇషాపూర్’ అని చెక్కి ఉంది. ముందు కర్రకి అడ్డంగా దిగ్గొట్టిన ఒక మర వేలితో చూపించాడు. మన ఎండకీ వానకీ కర్ర చీలకుండా ఇషాపూర్‌లో అదనంగా వేసిన మరట అది. హుగ్లీ ఒడ్డున ఎవరో బెంగాలీ కార్మికుడు బిగించిన మర, ఇంగ్లండులో ఓ పెన్షనరు ఒళ్ళో! మన దగ్గర ఇవే తుపాకులు తుక్కులోకి పోతున్నాయి. 2020 జనవరి 26న ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కి పరేడ్‌లో వీడ్కోలు కూడా చెప్పేశారు. పోలీసు చేతిలోంచి పోవడం మంచిదే, ఈ కాలం గస్తీకి అది పనికిరాదు. మొత్తం కరిగించకుండా కొన్నిటిని రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్లకి, రేంజి దాటకూడదన్న షరతుతో ఇస్తే బావుంటుంది. చేసిన దేశంలోనే దాన్ని సరదాగా ముట్టుకునే వీల్లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

సాయంత్రం బావగారు ఖాళీ తొడుగులు ఏరి, ఒక్కోదాని లోపలికి కొస వంచిన సన్నటి తీగ పోనిచ్చి, గోడ వెంట గీరుకుంటూ లాగారు. అంచుకి కొంచెం పైన తీగ ఎక్కడైనా తట్టుకుంటే ఆ తొడుగు చెత్తలోకే. ఈ తుపాకుల్లో తూటా కూర్చునే గదిని బురదలో కూడా పట్టేలా వదులుగా చేశారు. పేలిన ప్రతిసారీ ఇత్తడి సాగి, అక్కడ పలచబడి, చివరికి రెండుగా తెగుతుంది. మిగిలినవాటికి మెడ మాత్రం సరిచేసి, మళ్ళీ మందు కూరి వాడతారు. కొత్త తూటా ధర వింటే ఆ ఓపిక ఎందుకో అర్థమవుతుంది. పెద్దాయన మాత్రం కెటిల్‌లో నీళ్ళు మరిగించి, గరాటు పెట్టి గొట్టంలో పోశాడు. ఆయన కాల్చినవి పాత సైన్యం తూటాలు. వాటి ప్రైమర్‌లోని ఉప్పు ఆ రాత్రికే ఇనుముని తుప్పు పట్టిస్తుంది. నూనెకి కరగదు, నీళ్ళకే కరుగుతుంది.

ఇంగ్లండు వెళ్ళేవాళ్ళు ఎవరికైనా ఈ సరదా ఉంటే ముందుగానే ఏదైనా క్లబ్బుకి రాసి గెస్ట్ డే అడగండి. పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. జులైలో అయితే పెద్ద పోటీలు చూడొచ్చు, శరదృతువులో అయితే జనం తక్కువ. తిరుగు ప్రయాణానికి ముందు కోటు జేబులు, బ్యాగు మూలలు ఒకటికి రెండుసార్లు దులుపుకోండి. గుర్తుగా ఉంటుందని ఖాళీ తొడుగు ఒక్కటి కూడా తెచ్చుకోవద్దు. మన ఆయుధాల చట్టంలో తూటా భాగాలు కూడా తూటా కిందే లెక్క, శంషాబాద్‌లో స్కానర్ ముందు బిస్లీ కథ చెబితే వినేవాళ్ళుండరు.